సెల్ఫ్ లెవెలింగ్ మోర్టార్: పాత నేల మీద పలుచటి పూత మీరే ఎలా పోసుకోవాలి

"పాత మొజాయిక్ మీద వినైల్ పలకలు వేసుకుందామనుకుంటున్నాం. నేలేమో ఎగుడుదిగుడుగా ఉంది. పోస్తే దానంతట అదే సమంగా పరుచుకునే సిమెంటు ఉందట కదా, అది మేమే పోసుకోవచ్చా?"

వారానికి ఒక్కరైనా నన్ను ఈ మాట అడుగుతున్నారు. పోసుకోవచ్చు. పోయడం గంట పని. దానికి ముందు నేలను సిద్ధం చేయడం మాత్రం రెండు రోజుల పని. ఆ రెండు రోజుల పని ఎగ్గొట్టి గంట పని మాత్రం చేసినవాళ్ల నేలలే ఆర్నెల్లు తిరక్కుండా పెచ్చులు లేస్తున్నాయి. అందుకే ఇందులో పోయడం గురించి కంటే పోయకముందు చేయాల్సిన వాటి గురించే ఎక్కువ రాస్తున్నాను.

ముందు రెండు మాటలు

ఈ మోర్టార్ బస్తాలో సిమెంటు, సన్న ఇసుక, పాలిమర్ (జిగురులా పట్టే ప్లాస్టిక్) పొడి, తక్కువ నీళ్లతోనే జారేలా చేసే ప్లాస్టిసైజర్, నురగ కట్టకుండా చూసే మందు అన్నీ ఫ్యాక్టరీలోనే కలిపి ఉంటాయి. మీరు కలపాల్సింది నీళ్లు ఒక్కటే.

"మా మేస్త్రీ సిమెంటు పాలు పోస్తే చాలంటున్నాడు" అని చాలామంది అంటారు. చాలదు. 3 మి.మీ. మందంలో సిమెంటు పాలు పోస్తే అందులోని నీళ్లను కింద పాత నేల, పైన గాలి పంచుకుని పీల్చేస్తాయి. సిమెంటు గట్టిపడటానికి నీళ్లే మిగలవు. ఎండిన చెరువు మట్టిలాగా నెర్రెలిచ్చి లేస్తుంది. మామూలు సిమెంటు, ఇసుక గచ్చు నిలవాలంటే కనీసం అంగుళం, అంగుళంన్నర మందం కావాలి. పలుచటి పొర నిలబడేది పాలిమర్ వల్లే. నీళ్లు ఆరేకొద్దీ అది సిమెంటు రేణువుల మధ్య సన్నటి పొరగా మారి, వాటిని ఒకదానితో ఒకటి కట్టి, పాత నేలను పట్టుకుంటుంది. సిద్ధాంతం ఇంతవరకు తెలిస్తే చాలు.

ఎక్కడ పోయకూడదు

బాత్‌రూమ్‌లో, బాల్కనీలో పోయకండి. అక్కడ నీళ్లు నహానీ ట్రాప్ వైపు పోవడానికి వాలు కావాలి. ఇదేమో వాలును చెరిపేస్తుంది. డాబా మీద, ఎండావానా తగిలే చోట, చెక్క నేల మీద మామూలు రకం పనికిరాదు. కింద నుంచి చెమ్మ ఎక్కే నేల మీద నేరుగా పోయకండి. దాని గురించి కింద వివరంగా రాశాను.

ఇంకో మాట. వినైల్‌కి, చెక్క పలకలకి నేల చదునుగా ఉంటే చాలు, మట్టంగా ఉండక్కర్లేదు. ఆ గోడ నుంచి ఈ గోడకి గది మొత్తం 15 మి.మీ. వాలి ఉన్నా, ఆ వాలు తిన్నగా ఉంటే పలకలకి ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా గుంటలు, బొడిపెలతోనే. గదిని రసమట్టానికి తేవాలని పంతం పట్టి రెట్టింపు బస్తాలు కొనకండి.

బస్తా ఎంచుకోవడం

బస్తా మీద నాలుగు సంగతులు చూడండి.

అండర్‌లేమెంట్ అని ఉందా, టాపింగ్ అని ఉందా? అండర్‌లేమెంట్ మీద తప్పనిసరిగా టైలో వినైలో వేయాలి. అదే నడిచే నేలగా ఉండలేదు, అరిగిపోతుంది. టాపింగ్ రకం మీద సీలర్ కొట్టి అలాగే వాడుకోవచ్చు, ధర ఎక్కువ. షాపుల్లో రెండింటినీ "సెల్ఫ్ లెవెలింగ్" అనే అమ్ముతారు.

మందం ఎంతవరకు? కొన్ని 1 నుంచి 5 మి.మీ. వరకే. కొన్ని 3 నుంచి 10 వరకు. మీ గుంట లోతుకి సరిపోయేదే తీసుకోండి.

బలం ఎంత? యూరప్ ప్రమాణం ఈఎన్ 13813 ప్రకారం "సీటీ-సీ25-ఎఫ్6" లాంటి గుర్తు ఉండొచ్చు. సీటీ అంటే సిమెంటు రకం. సీ25 అంటే 28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల ఒత్తిడి తట్టుకుంటుందని. ఎఫ్6 అంటే వంపుకి చదరపు మిల్లీమీటరుకు 6 న్యూటన్లు తట్టుకుంటుందని. ఇంటి గదిలో వినైల్ కిందకి ఇది సరిపోతుంది.

గడువు తేదీ చూడండి. చెమ్మ తగిలి అంచుల్లో గడ్డలు కట్టిన బస్తాని, తేదీ మిగిలున్నా తీసుకోవద్దు. అన్ని బస్తాలూ ఒకే కంపెనీవి, వీలైతే ఒకే బ్యాచ్‌వి తీసుకోండి.

ఎన్ని బస్తాలు కావాలి

చదరపు మీటరుకి, 1 మి.మీ. మందానికి సుమారు 1.7 కిలోల పొడి పడుతుంది. 25 కిలోల బస్తా 3 మి.మీ. మందంలో దాదాపు 50 చదరపు అడుగులకి వస్తుంది.

అందరూ పొరపాటు చేసేది ఇక్కడే. "3 మి.మీ. పోస్తున్నాం" అని లెక్కేస్తారు. 3 మి.మీ. ఉండేది ఎత్తైన చోట. గుంటల్లో 7, 8 పడుతుంది. సగటు తీయాలి. లేజర్ ఉంటే లేజర్‌తో, లేకపోతే గోడ నుంచి గోడకి బిగువుగా దారం కట్టి, ప్రతి రెండడుగులకీ దారం నుంచి నేల లోతు కొలిచి నేల మీదే సుద్దతో రాయండి. అన్నిటికంటే ఎత్తైన చోటుని సున్నా అనుకుని మిగతావాటి లోతుల సగటు తీయండి.

ఉదాహరణకి 12×15 అడుగుల హాలు. అంటే 180 చదరపు అడుగులు, 16.7 చదరపు మీటర్లు. సగటు లోతు 2 మి.మీ. వచ్చింది. దానికి కనీస మందం 3 కలిపితే 5. 16.7 × 5 × 1.7 అంటే 142 కిలోలు. వృథాకి పది శాతం కలిపితే 156. ఏడు బస్తాలు. తెరవని బస్తా వాపసు తీసుకుంటారా అని షాపులో ముందే అడిగి, ఎనిమిది తెచ్చుకోండి. సగం గదిలో అయిపోతే మళ్లీ షాపుకి పరిగెత్తే టైం ఉండదు.

కావలసినవి

- మోర్టార్ బస్తాలు, వాటికి అదే కంపెనీ చెప్పిన ప్రైమర్ (మోర్టార్ పోసే ముందు నేలకి కొట్టే పూత)
- 1000 వాట్లు దాటిన మిక్సర్ డ్రిల్లు, దానికి బిగించే కలిపే కాడ (ప్యాడిల్). మామూలు సుత్తి డ్రిల్లు మూడో బస్తాకే వేడెక్కి ఆగిపోతుంది, అద్దెకి తెచ్చుకోండి
- 30 లీటర్లు దాటిన బకెట్లు మూడు: రెండు కలపడానికి, ఒకటి మిక్సర్ కడగడానికి
- నీళ్లు కొలవడానికి గీతలున్న జగ్గు
- ముళ్ల రోలరు, అడుగున ముళ్లున్న చెప్పులు
- మందం అమర్చుకునే రేక్, లేదా పళ్లున్న తాపీ
- రెండు మీటర్ల అల్యూమినియం బద్ద
- ఫోమ్ పట్టీ, సీలెంట్, మాస్కింగ్ టేపు
- కోణపు గ్రైండరు, డైమండ్ కప్పు చక్రం, దుమ్ము పీల్చే వ్యాక్యూమ్
- ఎన్-95 మాస్కు, కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు

మనుషులు ముగ్గురు కావాలి. ఒకరు కలపాలి, ఒకరు పోయాలి, ఒకరు పరచాలి. ఇద్దరితో చిన్న పడకగది వరకు అవుతుంది. ఒక్కరే హాలు మొదలుపెట్టవద్దు.

చేసే పద్ధతి

1. నేలని తట్టి చూడండి. చెక్క సుత్తితో గానీ, గోల్ఫ్ బంతి లాంటి గట్టి బంతితో గానీ ప్రతి పలకనీ తట్టండి. గుల్లగా మోగినదాని మీద సుద్దతో గుర్తు పెట్టి ఊడదీయండి. "ఒక్కటే కదా, పైనుంచి పోసేద్దాం" అనుకోవద్దు. అడుగున కదిలే పలక పైనున్న పూతని పగలగొట్టి తీరుతుంది.

గచ్చు నేలైతే మేకుతో గట్టిగా గీరండి. సన్న గీత పడితే మంచిదే. పిండిలా రాలుతూ గాడి పడితే ఆ పై పొరంతా గ్రైండర్‌తో తీసేయాలి.

2. చెమ్మ చూడండి. పై అంతస్తు పాత శ్లాబైతే సాధారణంగా భయం లేదు. కొత్త కాంక్రీటైతే కనీసం 28 రోజులు ఆగండి. కింది అంతస్తు పాత ఇల్లు అయితే ఈ అడుగు దాటేయవద్దు. ముఖ్యంగా తాండూరు, షాబాదు, కడప బండలు పరిచిన ఇళ్లలో. ఆ రోజుల్లో బండల కింద మట్టి మీద ఇసుకో సున్నమో వేసి పరిచేవారు, చెమ్మని ఆపే పొర ఉండేది కాదు. చెమ్మ బండల సందుల్లోంచి ఆరిపోతూ ఉండేది కాబట్టి ఇన్నాళ్లూ కనపడలేదు. మీరు పైన పూత పోసి, వినైల్ కప్పితే ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మ అక్కడే నిలిచి జిగురుని వదులు చేస్తుంది.

ఒకటిన్నర అడుగు చదరపు పాలిథిన్ షీటుని నాలుగు వైపులా టేపుతో గాలి పోకుండా నేలకి అంటించండి. గదిలో రెండు మూడు చోట్ల, గోడ పక్కన ఒకటి. కనీసం 16 గంటలు, వీలైతే రోజంతా ఉంచండి. తీసినప్పుడు షీటు లోపల నీటి చుక్కలున్నా, నేల ముదురు రంగుకి తిరిగినా చెమ్మ ఉన్నట్టే. అప్పుడు ముందు ఎపాక్సీ చెమ్మ నిరోధక పూత రెండు కోట్లు వేసి, రెండో కోటు పచ్చిగా ఉండగానే దాని మీద ఎండిన క్వార్ట్జ్ ఇసుక నిండా చల్లాలి. అది గట్టిపడ్డాక అంటని ఇసుకని ఊడ్చి, వ్యాక్యూమ్ చేస్తే మోర్టార్‌కి గరుకు పట్టు దొరుకుతుంది. ఈ పరీక్ష ఎండాకాలంలో చేసి "ఏం లేదు" అని ఊరుకోవద్దు. వానలు పడ్డాక ఒకసారి చేస్తేనే నిజం తెలుస్తుంది.

3. నేలని గరుకు చేయండి. మొజాయిక్ మీద ఏళ్ల తరబడి రాసిన మైనం ఉంటుంది. రెడ్ ఆక్సైడ్ నేల అద్దంలా నున్నగా ఉంటుంది. విట్రిఫైడ్ టైలు మీద నీటిచుక్క నిలబడుతుంది. వీటిలో దేన్నీ మోర్టార్ పట్టుకోదు. గ్రైండర్‌తో మెరుపు పోయేదాకా పట్టించండి. పెయింటు, పాత జిగురు, నూనె మరకలు పూర్తిగా పోవాలి. వంటింట్లో స్టవ్ ముందు నేల నూనె తాగి ఉంటుంది, అక్కడ డిటర్జెంటుతో రెండుసార్లు కడిగి ఆరబెట్టాకే గ్రైండ్ చేయండి.

ఈ దుమ్ములో సిలికా ఉంటుంది. ఊపిరితిత్తులకి శాశ్వతంగా హాని చేస్తుంది. రుమాలు కట్టుకుంటే ఆగదు, ఎన్-95 మాస్కు పెట్టుకోండి, పనివాళ్లకీ పెట్టించండి.

తర్వాత వ్యాక్యూమ్ చేయండి. చీపురుతో ఊడిస్తే దుమ్ము సగం పోతుంది, సగం సందుల్లోకి దిగుతుంది. నల్ల గుడ్డ తెచ్చి నేల మీద తుడవండి. గుడ్డ తెల్లబడితే మళ్లీ వ్యాక్యూమ్ చేయాల్సిందే.

4. పగుళ్లు, సందులు. కదలని పాత పగుళ్లని కాస్త వెడల్పు చేసి ఎపాక్సీతో నింపి, మీద ఇసుక చల్లండి. శ్లాబులో ఎక్స్‌పాన్షన్ జాయింట్ (శ్లాబు సాగి, కుంచించుకోవడానికి కావాలని వదిలిన సందు) ఉంటే దాన్ని మాత్రం కప్పేయవద్దు. అక్కడ ఫోమ్ పట్టీ నిలబెట్టి, పూతలో కూడా ఆ జాయింట్‌ని కొనసాగించండి. కప్పేస్తే సరిగ్గా ఆ గీత మీదే పగులుతుంది.

5. గట్లు కట్టండి. కలిపిన మోర్టార్ నీళ్లలాగా సన్న సందులోకైనా దూరుతుంది. పైపులు దిగే రంధ్రాలు, కరెంటు పైపుల చుట్టూ ఖాళీలు, స్కర్టింగు కింద సందులు అన్నీ సీలెంట్‌తో మూయండి. అపార్ట్‌మెంటులో ఇది మరచిపోతే కింది ఫ్లాట్ వాళ్ల ఫాల్స్ సీలింగులో తేలుతుంది. గుమ్మం దగ్గర చెక్క బద్ద పెట్టి సీల్ చేయండి. గోడల చుట్టూ, స్తంభాల చుట్టూ ఫోమ్ పట్టీ అంటించండి. తలుపు అడుగున ఎంత ఖాళీ ఉందో కూడా ఇప్పుడే చూసుకోండి. పూత, పైన పలక కలిపి 10 మి.మీ. లేస్తే తలుపు తెరుచుకోదు.

6. ప్రైమర్. నేల మీద నీటిచుక్కలు వేసి నిమిషం చూడండి. నిమిషంలోపు ఇంకిపోతే అది పీల్చే నేల. ప్రైమర్‌ని కంపెనీ చెప్పినట్టు నీళ్లతో పలుచన చేసి ఒక కోటు, ఆరాక ఇంకో కోటు వేయండి. చుక్క అలాగే నిలబడితే అది పీల్చని నేల, టైలు లాంటిది. దానికి క్వార్ట్జ్ కలిసిన గరుకు ప్రైమర్ కావాలి. దీన్ని పలుచన చేయకుండా వాడతారు. రెండింటికీ ఒకే ప్రైమర్ డబ్బా అంటగట్టే షాపులున్నాయి, అడిగి తీసుకోండి.

ప్రైమర్ అవసరమా అని అడుగుతారు. మానేసిన చోట ఏం జరుగుతుందో చెప్తాను. పొడి గచ్చు మోర్టార్‌లోని నీళ్లు పీలుస్తుంది. నీళ్లు లోపలికి దిగితే లోపలి గాలి బయటికి రావాలి. ఆ గాలి బుడగలై పైకొచ్చి పగులుతుంది. నేలంతా సూదితో పొడిచినట్టు రంధ్రాలు. ముళ్ల రోలరు ఎంత తిప్పినా ఆగవు, గంట తర్వాత కూడా వస్తూనే ఉంటాయి.

ప్రైమర్‌ని మెత్తటి బ్రష్‌తో నేలలోకి రుద్దండి, గుంటల్లో మడుగు కట్టనివ్వకండి. మడుగు కట్టిన చోట మోర్టార్ జారి వదులుతుంది. వేలితో తాకితే అంటుకోకూడదు, అప్పుడే పోయాలి. ప్రైమర్ కొట్టి ఒక రోజు దాటినా, మీద దుమ్ము పడినా మళ్లీ ఒక కోటు వేయండి.

7. వాతావరణం. నేల, గాలి వేడి 10 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటే పని బాగా సాగుతుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పోయడమంటే డబ్బు పారబోయడమే. తెల్లారి ఆరింటికి మొదలుపెట్టండి. బస్తాలని ముందు రాత్రే చల్లటి గదిలో పెట్టండి. నీళ్లు డాబా మీది ట్యాంకువి వద్దు, కాగి ఉంటాయి. ఉప్పదనం ఉన్న బోరు నీళ్లూ వద్దు. తాగే నీళ్లే వాడండి.

కిటికీలకి కర్టెన్లో, పాత దుప్పట్లో కట్టండి. పచ్చి పూత మీద ఎండ చార పడితే ఆ చార వెంబడే పగులుతుంది.

8. నీళ్ల కొలత. ఈ పని మొత్తంలో నేను బతిమాలి చెప్పే మాట ఇదొక్కటే. బస్తా మీద ఎన్ని లీటర్లు రాసుంటే అన్నే పోయండి. 25 కిలోలకి సాధారణంగా 5 నుంచి 6 లీటర్ల మధ్య ఉంటుంది, మీ బస్తా అంకెనే పాటించండి. కంటితో అంచనా వద్దు. జగ్గు లేకపోతే సీలు తీయని లీటరు మంచినీళ్ల బాటిళ్లు తెచ్చుకోండి. 5.5 లీటర్లంటే ఐదు బాటిళ్లు, ఇంకో సగం.

మా బావమరిది హాల్లో జరిగింది చెప్తాను. కలిపే కుర్రాడికి రెండో బస్తా కాస్త చిక్కగా అనిపించింది. బస్తాకో మగ్గు నీళ్లు ఎక్కువ పోశాడు. సాయంత్రానికి నేల అద్దంలా ఉంది, అందరం మెచ్చుకున్నాం. మూడో రోజు నేను తాళంచెవితో ఒక మూల గీరాను. గీతలో తెల్లటి పిండి లేచింది. వేలితో తుడిస్తే బడిలో సుద్దముక్క పట్టుకున్నట్టు వేలంతా తెలుపు. నీళ్లు ఎక్కువైతే బరువైన ఇసుక కిందకి దిగుతుంది, సన్నటి సిమెంటు, పాలిమర్ నీళ్లతో పాటు పాల మీద మీగడలా పైకి తేలుతాయి. చూడటానికి అందంగా ఉండే ఆ మీగడకి బలం ఉండదు. మొదటి బస్తా పోసిన మూల తప్ప హాలంతా గ్రైండ్ చేసి మళ్లీ పోశాం.

పని మొదలుపెట్టే ముందు చిన్న పరీక్ష చేసుకోండి. లోపలి వ్యాసం 30 మి.మీ., ఎత్తు 50 మి.మీ. ఉండేలా ప్లాస్టిక్ పైపు ముక్క కోయించండి. ప్రయోగశాలల్లో వాడే కొలత కూడా ఇదే. మట్టంగా పెట్టిన గాజు పలక మీద ఆ ముక్కని నిలబెట్టి, కలిపిన మోర్టార్‌తో అంచు వరకు నింపి, నిట్టనిలువుగా పైకి లేపండి. నాలుగు నిమిషాల తర్వాత గుండ్రటి మచ్చ వ్యాసం కొలవండి. రకాన్ని బట్టి 130 నుంచి 160 మి.మీ. దాకా రావచ్చు, బస్తా వివరాల కాగితంలో అంకె ఉంటుంది. మచ్చ చుట్టూ నీళ్ల అంచు వేరుగా కనిపిస్తే నీళ్లు ఎక్కువైనట్టు. మధ్యలో ఇసుక కుప్పగా మిగిలినా అంతే.

9. కలపడం. ముందు నీళ్లు, తర్వాత పొడి. తిప్పుతూ ఉండగా పొడిని ధారగా వదలండి. పొడి ముందు వేసి నీళ్లు పోస్తే అడుగున గడ్డలు మిగులుతాయి. నిమిషానికి సుమారు 600 చుట్లు తిరిగే వేగంతో రెండు మూడు నిమిషాలు కలపండి. ప్యాడిల్ ఎప్పుడూ మునిగే ఉండాలి, పైకి తీస్తే గాలి కలిసిపోతుంది. ఒక నిమిషం ఆపి, బకెట్ అంచులు గీకి, మళ్లీ కాసేపు తిప్పండి. ఆ నిమిషం విరామంలో పాలిమర్ పూర్తిగా కరుగుతుంది. కలపగానే చిక్కగా అనిపించింది ఆ తర్వాత తానే పలచబడుతుంది. మా కుర్రాడు తొందరపడింది సరిగ్గా అక్కడే. పలుచటి రవ్వదోసె పిండిలా జారాలి.

సగం బస్తా కలపవద్దు. పొడిలో బరువైనవి, తేలికైనవి రవాణా దారిలోనే విడిపోయి ఉంటాయి. పైన చిటికెడు సిమెంటు కలపడం, చిక్కబడ్డదాన్ని నీళ్లు పోసి మళ్లీ తిప్పడం, రెండూ నిషిద్ధం. డ్రిల్లు నీళ్ల పక్కనే తిరుగుతుంది కాబట్టి ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉన్న ప్లగ్గునే వాడండి.

10. పోయడం, పరచడం. తలుపుకి దూరంగా ఉన్న మూల నుంచి మొదలుపెట్టి వెనక్కి రండి. ఒకే చోట కుప్పగా కాకుండా గోడ పొడవునా పట్టీలా పోయండి. పేరు చూసి నీళ్లలా గదంతా పరిగెత్తుతుందని ఆశపడకండి. అది తనంతట తాను నునుపు అవుతుంది, అంతే. దూరానికి మీరే రేక్‌తో లాగాలి. ముందే నేల మీద అక్కడక్కడ మందం గుర్తులు పెట్టుకుంటే ఎంత పడుతోందో తెలుస్తుంది.

కలిపిన బకెట్ చేతిలో ఉండే సమయం 20 నిమిషాల లోపే, ఎండాకాలంలో ఇంకా తక్కువ. ఒక పట్టీ అంచు ఇంకా పచ్చిగా ఉండగానే పక్క పట్టీ వచ్చి కలవాలి. అంటే మొదటి బకెట్ పోస్తుండగానే రెండోది తిరుగుతూ ఉండాలి. మధ్యలో ఫోన్లు, టీలు వద్దు. ఎనిమిది, పది నిమిషాలు ఆగితే ఆ కలయిక దగ్గర గీత నిలిచిపోతుంది.

11. ముళ్ల రోలరు. పరిచిన వెంటనే, ముళ్ల చెప్పులేసుకుని, నెమ్మదిగా అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి. గాలి పోతుంది, బకెట్ల అంచులు కలిసిపోతాయి. పది నిమిషాలు దాటాక మాత్రం ముట్టుకోకండి. అప్పుడు తిప్పితే ముళ్ల గుర్తులు ఉండిపోతాయి.

12. పోశాక. ఫ్యాన్ వేయవద్దు, ఏసీ వేయవద్దు. తొందరగా ఆరుతుందని ఫ్యాన్ వేసి పడుకున్నవాళ్ల నేల మీద పొద్దున్నే ఫ్యాన్ కింద సాలెగూడులా పగుళ్లు చూశాను. కనీసం 24 గంటలు గాలి తగలనివ్వకండి.

మన మేస్త్రీలకి ఇంకో అలవాటు ఉంది. సిమెంటు కనిపిస్తే నీళ్లు కట్టడం. ఇది పాలిమర్ మోర్టార్, దీనికి క్యూరింగ్ నీళ్లు అక్కర్లేదు. నీళ్లు కడితే పై పొర మెత్తబడుతుంది. పనికొచ్చినవాళ్లకి ముందే గట్టిగా చెప్పండి.

మిగిలిన మోర్టార్‌ని, కడిగిన నీళ్లని సింకులోనో నహానీ ట్రాప్‌లోనో పోయవద్దు. పైపులోనే గట్టిపడుతుంది. పాత బస్తాలో గట్టిపడనిచ్చి చెత్తలో వేయండి.

తప్పు జరిగితే ఏం చేయాలి

*కలయికల దగ్గర గట్లు:* నడవగలిగేంత గట్టిపడగానే, అంటే మూడు నాలుగు గంటలకి, పదునైన స్క్రేపర్‌తో చెక్కేయండి. అప్పుడు సబ్బులా తెగుతుంది. మర్నాటికి గ్రైండర్ కావాలి.

*సూది రంధ్రాలు:* కొద్దిగా ఉంటే ఆరాక ప్యాచ్ మోర్టార్‌తో రుద్ది నింపండి. నేలంతా ఉంటే ప్రైమర్ లోపమే. మళ్లీ ప్రైమర్ కొట్టి పలుచగా ఇంకో పొర పోయాలి.

*పైన సుద్ద పిండి:* దాని మీద ప్రైమర్ కొట్టి కప్పేయాలని చూడకండి. గట్టి భాగం తగిలేదాకా గ్రైండ్ చేయడం ఒక్కటే దారి.

*వెంట్రుకంత పగుళ్లు:* తట్టి చూడండి. గట్టిగా మోగితే నింపేసి ముందుకెళ్లొచ్చు. గుల్లగా మోగితే పూత కింద పట్టు వదిలినట్టు. ఆ ముక్కని కోసి తీసి, శుభ్రం చేసి, ప్రైమర్ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

*మందం చాల్లేదు, రెండో పొర కావాలి:* మొదటిది ఆరాక, ప్రైమర్ కొట్టాకే పోయండి. రెండో పొర మొదటిదాని కంటే మందంగా ఉండకూడదు.

పని బాగా వచ్చిందా, ఎలా తెలుసుకోవాలి

మూడు నాలుగు గంటలకి మెత్తటి చెప్పులతో నడవొచ్చు. టైలు వేసేవాళ్లు సాధారణంగా మర్నాటికి వేసుకోవచ్చు. వినైల్, చెక్క పలకలు వేసేవాళ్లు తొందరపడకండి. 3 మి.మీ. పూతకి ఒకటి నుంచి మూడు రోజులు, మందం పెరిగేకొద్దీ, వానాకాలంలో ఇంకా ఎక్కువ.

ముందు చదును చూడండి. రెండు మీటర్ల బద్దని నేల మీద పెట్టి గది నలుమూలలా, అడ్డంగా, ఐమూలగా జరపండి. కింద 3 మి.మీ. కంటే ఎక్కువ సందు ఉండకూడదు. బ్రిటిష్ ప్రమాణాల్లో మేలైన నేలకి పెట్టిన హద్దు అదే. రూపాయి బిళ్లలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి దూర్చి చూడండి. అవి దూరే చోట గుర్తు పెట్టుకుని సరిచేయండి.

తర్వాత మొత్తం గదిని మళ్లీ తట్టండి, ముఖ్యంగా గోడల అంచులు, గుమ్మం దగ్గర. పట్టు వదలడం మొదలయ్యేది అంచుల్లోనే.

తాళంచెవి పరీక్ష మూడు చోట్ల చేయండి. గీత పడాలి, పిండి రాలకూడదు.

పాలిథిన్ షీటు మళ్లీ ఒక రోజు అంటించి చూడండి. చుక్కలు పట్టకపోతే చివరి పరీక్ష. మీరు వాడబోయే జిగురుతోనే వినైల్ ముక్క ఒకటి, అరచేతి అంత, ఎవరికీ కనపడని మూల అంటించండి. రెండు రోజులాగి ఒక అంచు పట్టుకుని బలంగా లాగండి. జిగురు సాగి తెగితే నేల సిద్ధంగా ఉంది. ముక్క అడుగున తెల్లటి పొర అంటుకుని ఊడొస్తే, పలకల పెట్టె ఇంకా తెరవకండి, గ్రైండర్ మళ్లీ అద్దెకి తెచ్చుకోండి.